బొమ్మ అంబాసిడర్‌తో 1964 నాటి ఫోటో: స్కేల్ మోడల్‌ని అచ్చం పాత ఫోటోలా తీయడం ఎలా

స్కేల్ మోడల్‌కి ఒక ఫోటో తీసి, ఫోన్‌లో సెపియా ఫిల్టర్ వేసి, పైన నాలుగు గీతలు కలిపేస్తే పాత ఫోటో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అవ్వదు. చూసిన మొదటి క్షణంలోనే అది బొమ్మ అని తెలిసిపోతుంది. మన కన్ను రంగు కంటే ముందు కెమెరా ఎంత ఎత్తులో ఉంది, ఎంత దూరంలో ఉంది, నీడ అంచు పదునుగా ఉందా అలుక్కుపోయిందా అన్నవి పట్టేస్తుంది, ఆ మూడూ తప్పితే ఏ ఫిల్టరూ కాపాడలేదు. అందుకే ఈ పనిలో ఎడిటింగ్ చివర్లో వచ్చే చిన్న భాగం. అసలు పనంతా షట్టర్ నొక్కకముందే.

ఉదాహరణకి మనందరికీ తెలిసిన బండినే తీసుకుందాం: అంబాసిడర్. 1957లో మొదలై 2014 దాకా దాదాపు అదే ఆకారంతో తయారైన కారు కాబట్టి, బొమ్మల షాపులో దొరికే తర్వాతి కాలం మోడల్‌ని కూడా కొద్ది మార్పులతో 60ల నాటి బండిగా చూపించొచ్చు. మీ దగ్గర ఎర్రబస్సు ఉన్నా, జీపు ఉన్నా, రైలింజను ఉన్నా పద్ధతి ఇదే, లెక్కలు మాత్రం మారతాయి.

ముందు ఆ ఫోటో ఎవరు తీశారో తేల్చుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, చాలామంది వదిలేసేదీ ఇదే. మనం తీస్తున్నది బొమ్మ ఫోటో అన్నది మర్చిపోయి, ఆ రోజు అక్కడ నిలబడి క్లిక్ నొక్కిన మనిషిని ఊహించుకోవాలి. ఏ సంవత్సరం? చేతిలో ఏ కెమెరా? ఆయన స్టూడియో నడిపే ఫోటోగ్రాఫరా, లేక బంధువుల్లో కెమెరా ఉన్న బాబాయా? ఈ జవాబులే తర్వాత ప్రతి నిర్ణయాన్నీ మీ బదులు తీసేసుకుంటాయి.

నేనైతే ఇలా అనుకుంటాను: సంవత్సరం 1964, కోస్తాలో ఏదో ఒక ఊరు, కొత్తగా కొన్న కారు ఇంటి ముందు ఆగింది, బాబాయి నడుం దగ్గర పట్టుకుని పైనుంచి కిందికి తొంగిచూసే బాక్స్ కెమెరాతో ఫోటో తీశాడు. అలాంటి కెమెరాలో పెద్ద నెగెటివ్ ఇచ్చే 120 రోల్ ఫిల్మ్, ఒకే ఒక్క లెన్సు, సుమారు ఎఫ్ 11 నుంచి ఎఫ్ 16 మధ్య అపర్చరు (అంటే లెన్సు రంధ్రం), సెకనులో 25వ వంతు నుంచి 50వ వంతు దాకా ఏదో ఒకే షట్టర్ స్పీడు. మార్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎండ ఉంటేనే ఫోటో. ఎండ వీపు వెనక ఉండాలన్నది అప్పటి వాళ్లందరికీ తెలిసిన సూత్రం. ఆ కెమెరా ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

స్కేలు లెక్క

అట్ట మీద స్కేలు రాసి లేకపోతే మీరే కట్టుకోండి. అసలు అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు. మీ బొమ్మ 12 సెంటీమీటర్లు ఉంటే 4300ని 120తో భాగించండి, 36 వస్తుంది, అంటే 1:36. ఇకపై ఫ్రేములోకి వచ్చే ప్రతిదాన్నీ 36తో భాగించడమే.

బాబాయి కారుకి 6 మీటర్ల దూరంలో నిలబడ్డాడనుకుంటే మీ లెన్సు బొమ్మకి దాదాపు 17 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. నడుం ఎత్తు మీటరు అనుకుంటే లెన్సు బల్ల మీద నుంచి 2.8 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. కంటి దగ్గర పెట్టుకునే కెమెరా అయితే మీటరున్నర, అంటే 4.2 సెంటీమీటర్లు. మనిషి బొమ్మ పెట్టాలంటే 4.6 సెంటీమీటర్ల పొడవు.

ఈ 2.8 సెంటీమీటర్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మామూలుగా మనం బల్ల ముందు కూర్చుని పైనుంచి తీస్తాం. అది స్కేలులో మేడ మీద నుంచి తీసినట్టు. ఫోన్‌తో తీస్తుంటే దాన్ని తలకిందులు చేయండి, అప్పుడు లెన్సు బల్లకి దగ్గరగా వస్తుంది. ఫోటోని తర్వాత తిప్పుకోవచ్చు. ఫోన్ మెయిన్ కెమెరా మరీ వెడల్పుగా చూస్తుంది, కారు ముక్కు ఉబ్బి వెనక భాగం కుంచించుకుపోతుంది. కాబట్టి 2ఎక్స్ పెట్టండి, లేదా మామూలుగానే తీసి మధ్య భాగం కత్తిరించుకోండి. దూరం మాత్రం 17 సెంటీమీటర్లే ఉంచండి, ఎందుకంటే ఆకారం ఎలా కనబడాలో నిర్ణయించేది జూమ్ కాదు, దూరం.

మోడల్‌ని బండిగా మార్చడం

కొత్త బొమ్మ మెరుపు అసలు కారు మెరుపులా ఉండదు. పెయింటు పొర స్కేలుకి మించిన మందంతో ఉంటుంది, అందులో మీ మొహం, కిటికీ, ఫోన్ అన్నీ పెద్దపెద్దగా ప్రతిబింబిస్తాయి. మాట్ వార్నిష్ స్ప్రే దూరం నుంచి పలుచగా ఒక్క చేయి వేయండి. పూర్తిగా మెరుపు చంపేయొద్దు, అప్పట్లో కొత్త కారుని మెరిసేలా తుడిచే ఫోటోకి నిలబెట్టేవాళ్లు. పైకప్పు, బానెట్ మీద కాస్త మెరుపు మిగలాలి, కింది భాగం దుమ్ము కొట్టుకుని ఉండాలి. ముఖానికి రాసే పౌడరు, దానికి చిటికెడు ఇటుకపొడి కలిపి మెత్తటి కుంచెతో చక్రాల చుట్టూ అద్దితే మన మట్టిరోడ్డు వచ్చేస్తుంది.

తలుపుల సందుల్లో, బానెట్ అంచుల్లో నీళ్లలా పలుచగా కలిపిన నలుపు-గోధుమ వాటర్ కలర్ పారించి పైన తుడిచేయండి. ఆ సన్న గీతలు నల్లబడగానే తలుపులు నిజంగా తెరుచుకునేలా కనిపిస్తాయి. హెడ్‌లైట్ మధ్యలో ప్లాస్టిక్ పుల్ల కనిపిస్తుంటే లైటు పీకి లోపల వెండిరంగు వేయండి. బంపర్లు బండి రంగులో ఉంటే వెండిరంగు తప్పనిసరి, ఆ కాలం బంపర్లు క్రోమ్‌వి.

ఇక టైర్లు. బొమ్మ టైరు నేలని ఒక గీతలా తాకుతుంది, అసలు కారు బరువుకి టైరు కింద కొంచెం అణుగుతుంది. ఉప్పుకాగితం మీద టైరు అడుగుభాగాన్ని ఒక్కచోట కొద్దిగా అరగదీయండి, ఒక మిల్లీమీటరు కూడా అక్కర్లేదు. చక్రానికీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఖాళీ ఎక్కువుంటే బండి కింద ఇరుసు దగ్గర అరగదీసి కిందికి దించండి. బండికి బరువు ఉందన్న నమ్మకం ఇక్కడే పుడుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క పని పది ఫిల్టర్లకు సమానం.

నంబరు ప్లేటు మర్చిపోకండి. అప్పట్లో సొంత కార్లకి నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు. 1989కి ముందు మన రాష్ట్రం బండ్లకి ఇంగ్లిష్ ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల సిరీస్ ఉండేది, తర్వాత కాలంలో వచ్చిన ‘ఏపీ’, దాని పక్కన జిల్లా అంకె ఉన్న ప్లేటు 1964 ఫోటోలో కనిపిస్తే తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. అక్షరాలు కంప్యూటర్ ఫాంటులో ప్రింట్ తీయకండి, సన్న కుంచెతో చేత్తో రాయండి, కొంచెం వంకరగా వచ్చినా అదే అందం. గోడ మీద పోస్టరో, షాపు బోర్డో పెడుతుంటే దానికీ ఇదే మాట. ధర రాయాలనిపిస్తే నయా పైసలు రాయొచ్చు, 1957 ఏప్రిల్ నుంచి 1964 మధ్య దాకా పైసాని అలాగే పిలిచారు.

నేల

నేల మీద ఒక్కో రేణువు పరిమాణం చూడండి. అర మిల్లీమీటరు ఇసుక రేణువు 1:36లో 18 మిల్లీమీటర్ల కంకరరాయి అవుతుంది. అంటే మామూలు ఇసుక పోస్తే కారు రాళ్లగుట్ట మీద ఆగినట్టుంటుంది. మట్టిరోడ్డు కావాలంటే బాగా ఎండిన మట్టిని పల్చటి నూలుబట్టలో జల్లించి, ఆ మెత్తటి పొడిని ప్లైవుడ్ మీద టీ వడగట్టే జల్లెడతో చల్లండి. ఇటుకపొడి, సిమెంటు, బూడిద కొద్దికొద్దిగా కలిపితే రంగులో తేడాలు వస్తాయి, నలుపు-తెలుపులో కూడా ఆ తేడా తెలుస్తుంది. తారురోడ్డుకి 220 నంబరు బూడిదరంగు ఉప్పుకాగితం చాలు, అతుకుల మీద పొడి చల్లేయండి. ఒక టైరుని ఆ పొడి మీద దొర్లించి వెనక జాడలు వదలండి.

పచ్చి ఆకులు, నాచు లాంటివి పెట్టకండి, ఆకు ఈనెలే గుట్టు బయటపెట్టేస్తాయి. ఎండిన తులసి కొమ్మలు చిన్న చెట్లుగా బాగుంటాయి. కత్తెరతో సన్నగా కత్తిరించిన కొబ్బరిపీచు ఎండుగడ్డిగా పనికొస్తుంది.

బల్ల ఎత్తు, వెనక దృశ్యం

బ్యాక్‌గ్రౌండ్‌కి ప్రింట్ తీసిన బొమ్మ పెట్టడం కంటే నిజమైన ఊరిని వాడుకోవడం ఎంతో మేలు. అమెరికాలో మైకేల్ పాల్ స్మిత్ ‘ఎల్గిన్ పార్క్’ అనే ఊహా పట్టణాన్ని ఇలాగే నిర్మించాడు: 1:24 కార్లు, మామూలు డిజిటల్ కెమెరా, ఆరుబయట బల్ల, దాని వెనక నిజం చెట్లూ ఇళ్లూ. ఆ ఫోటోలు చూసి నిజంగానే గత శతాబ్దం మధ్యలోని ఊరు అనుకున్నవాళ్లు ఎందరో.

ఇందులో ఒక లెక్క ఉంది, అది తెలిస్తే ఆనందం వేస్తుంది. మీ లెన్సు బల్ల మీద నుంచి 2.8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, స్కేలులో అది మీటరు. అయితే వెనక కనిపించే నిజం నేల మీద నుంచి కూడా లెన్సు మీటరు ఎత్తులోనే ఉండాలి. అప్పుడే రెండు లోకాల దిగంత రేఖా, నేల వాలూ కలుస్తాయి. అంటే బల్ల పైభాగం నేల నుంచి 97 సెంటీమీటర్లు. మామూలు డైనింగ్ టేబుల్ 75 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, కాళ్ల కింద ఇటుకలు పేర్చుకుంటే సరిపోతుంది. ఇప్పుడు లెన్సు నుంచి బల్ల అవతలి అంచు 90 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. స్కేలులో అది దాదాపు 32 మీటర్లు. ఆ అంచు దాటాక కనిపించే నిజం నేల కూడా కెమెరాకి సరిగ్గా 32 మీటర్ల దూరం నుంచే మొదలవుతుంది! బల్ల ఎక్కడ అయిపోయి ఊరు ఎక్కడ మొదలైందో తెలియకుండా అతుక్కుపోయేది అందుకే. కంటి ఎత్తు కెమెరా అయితే బల్లని దాదాపు మీటరున్నర ఎత్తుకు లేపాలి, కష్టం. నడుం దగ్గర పట్టుకునే కెమెరాని మొదట్లోనే ఎంచుకోమన్నది ఇందుకు కూడా.

కాబట్టి బల్లకి వెనక కనీసం 30 మీటర్లు ఖాళీ నేల ఉన్న చోటు కావాలి: కాలవగట్టు, స్కూలు మైదానం, పొలం పక్క రోడ్డు. అవతల పెంకుటిల్లో, చింతచెట్టో, తాటిచెట్ల వరసో ఉంటే ఇంకేం కావాలి. డిష్ యాంటెన్నా, సెల్ టవరు, నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, ఫ్లెక్సీలు లేకుండా చూసుకోండి. ఒకటో రెండో ఉంటే బొమ్మ కారు వాటిని కప్పేసేలా జరపండి. డాబా మీద తీస్తే నేల అతుకు కుదరదు. కింద పిట్టగోడలాంటి చిన్న అట్టగోడ పెట్టి, పైన ఆకాశం, చెట్ల తలలు మాత్రమే కనిపించేలా చేస్తే డాబా కూడా పనికొస్తుంది. బల్ల అంచు ఎంత ప్రయత్నించినా కనిపిస్తుంటే అక్కడ రోడ్డుకి అడ్డంగా ఒక చిన్న మట్టిగట్టు పోయండి.

వెలుగు

ఎండ ఒక్కటే. సూర్యుడు ఇచ్చే నీడ అంచు పదునుగా ఉంటుంది, ఆ పదును బొమ్మ మీదా కుదురుతుంది. ట్యూబ్‌లైటు, మబ్బు పట్టిన కిటికీ, ఫోటో స్టూడియో గొడుగు లైట్లు అన్నీ నీడని అలుక్కుపోయేలా చేస్తాయి, వెంటనే బొమ్మతనం వచ్చేస్తుంది. ఇంట్లోనే తీయక తప్పకపోతే గదంతా చీకటి చేసి, ఒకే చిన్న ఎల్‌ఈడీ టార్చిని వీలైనంత దూరంగా పెట్టండి. రెండు నీడలు పడ్డాయంటే ఫోటో వ్యర్థం.

పొద్దున 8, 9 గంటల మధ్య లేదా సాయంత్రం 4 దాటాక, ఎండ మీ భుజం మీదుగా బొమ్మ మీద పడేలా బల్ల తిప్పుకోండి. మీ అసలు నీడ మాత్రం బల్ల మీద పడకూడదు, అది స్కేలులో రాక్షసుడి నీడ. దానికి బదులు బాబాయి నీడ పడేలా చేయొచ్చు: అట్టలో 4.6 సెంటీమీటర్ల మనిషి ఆకారం, రెండు మోచేతులు కొంచెం బయటికి వచ్చేలా కత్తిరించి, ఫ్రేము బయట లెన్సు పక్కనే నిలబెట్టండి. వీపు వెనక ఎండ పెట్టుకుని తీసిన ఆ కాలం ఇంటి ఫోటోల్లో కింద ఆ నీడ తరచూ కనిపిస్తుంది.

ఫోకస్

బొమ్మతనానికి అతి పెద్ద కారణం ఫోకస్ లోతు తక్కువ కావడం. కారు ముక్కు స్పష్టంగా, తోక మసకగా ఉంటే అది చిన్న వస్తువని మెదడుకి తెలిసిపోతుంది. బాక్స్ కెమెరా లెన్సు రంధ్రం ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని 36తో భాగిస్తే 0.2 మిల్లీమీటరు, గుండుసూది మొన చేసే రంధ్రమంత. ఫోన్ లెన్సు రంధ్రం 3 మిల్లీమీటర్లున్నా స్కేలులో 10 సెంటీమీటర్లు దాటిపోతుంది. అంత పెద్ద రంధ్రంతో కారంతా ఫోకస్‌లోకి రాదు.

డీఎస్ఎల్ఆర్ ఉంటే 35 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్ 22 పెట్టండి, దానివల్ల కొంత పదును తగ్గుతుంది, మనకి కావలసిందీ అదే. అయినా సరిపోదు, కాబట్టి ఫోకస్ స్టాకింగ్ చేయాలి. కెమెరా గానీ ఫోన్ గానీ కదలకుండా ట్రైపాడ్ మీదో, ఇటుకల మధ్యో బిగించి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ముందు బంపరు, బానెట్, అద్దం, వెనక తలుపు, డిక్కీ, చివరగా దూరపు చెట్లు ఇలా ఒక్కోదాని మీద ఫోకస్ పెడుతూ ఆరేడు ఫోటోలు తీయండి. ఫోటోషాప్‌లో గానీ, ఉచితంగా దొరికే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే టూల్స్‌తో గానీ వాటిని కలపొచ్చు. దూరపు చెట్లు కాస్త మసకగా మిగిలితే వదిలేయండి, బాక్స్ కెమెరాలోనూ అంతే.

కెమెరా మూతకి రంధ్రం చేసి పిన్‌హోల్‌తో తీయొచ్చా అని అడుగుతారు. తీయొచ్చు, అంతా ఒకేలా ఫోకస్‌లో ఉంటుంది, కానీ చిన్న సెన్సర్ మీద మరీ మసకగా వస్తుంది. 1964 ఫోటోకి నేను సిఫారసు చేయను.

ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్, హెచ్‌డీఆర్, బ్యూటీ అన్నీ ఆపేయండి. ముఖ్యంగా హెచ్‌డీఆర్. అది నీడల్ని తెరిచి చూపిస్తుంది, పాత ఫిల్మ్ మీద కారు కింద నీడ నల్లగా ముద్దగా ఉంటుంది. వీలైతే ఫోన్ తన మార్పులేవీ చేయకుండా దాచే రా ఫార్మాట్‌లో తీయండి.

ఫ్రేము

బాబాయి కళాకారుడు కాదు. కారు సరిగ్గా మధ్యలో, ముందు నేల ఎక్కువ, పైన చెట్టు కొమ్మ సగం. నడుం దగ్గర పట్టుకునే కెమెరా అద్దంలో కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తాయి, అందుకే ఆ ఫోటోలు ఒకటి రెండు డిగ్రీలు పక్కకి వాలి ఉంటాయి. మీరూ అంతే వాల్చండి, ఎక్కువ వద్దు. ఫ్రేము చతురస్రం లేదా 6:9.

మనుషుల్ని పెడితే మొహాలు కనపడనీయకండి. వీపు తిప్పిన మనిషి, చెట్టు నీడలో పంచె కట్టుకున్న మనిషి చాలు. నడుస్తున్నట్టు కావాలంటే అర సెకను ఎక్స్‌పోజర్ పెట్టి బొమ్మని దారంతో రవ్వంత లాగండి. ఎండలో అంతసేపు షట్టర్ తెరిచి ఉంచాలంటే లెన్సు ముందు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి.

ఎడిటింగ్

నలుపు-తెలుపులోకి మార్చేటప్పుడు కాలాన్ని బట్టి మార్చాలి. 1920ల దాకా ఎక్కువగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనిపించదు, నీలం మరీ ఎక్కువ కనిపిస్తుంది. దానిలో ఆకాశం తెల్లకాగితంలా, ఎర్ర బండి నల్లగా వస్తాయి. ఆ కాలం కావాలంటే స్నాప్‌సీడ్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్‌కి వెళ్లి నీలం ఫిల్టర్ ఎంచుకోండి. 1964కి అన్ని రంగులూ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్మే మామూలు, ఎర్రబస్సు మధ్యరకం బూడిదరంగులో రావాలి, కాబట్టి ఫిల్టర్ ఏమీ వద్దు.

తర్వాత వెలుగునీడలు సరిచేసే కర్వ్స్ టూల్‌లో పూర్తి నలుపుని కాస్త పైకి, పూర్తి తెలుపుని కాస్త కిందికి తేండి. మూలలు కొంచెం మసక, కొంచెం చీకటి. సెపియా వద్దే వద్దు: 60ల నాటి ఇంటి ఫోటోలు ఎక్కువగా బూడిదరంగువే, అంచుల దగ్గర పసుపుబారతాయంతే. గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్న రేణువులు) కూడా గుప్పించకండి, అంత పెద్ద నెగెటివ్ నుంచి తీసిన చిన్న ప్రింటులో గ్రెయిన్ దాదాపు కనిపించదు.

మచ్చలకి కూడా తర్కం ఉంది. నెగెటివ్ మీద దుమ్ము పడితే ప్రింటు మీద తెల్లచుక్క వస్తుంది. నెగెటివ్ మీద బొమ్మ ఉండే పొర, అంటే ఎమల్షన్, గీసుకుపోతే నల్లగీత. ఫిల్మ్ రోలు అంచుల్లోంచి వెలుగు దూరితే పక్కన తెల్లటి పొగ. యాప్‌లో దొరికే నల్లచుక్కల పొరని గుడ్డిగా వేసేస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు. రెండు మూడు తెల్లచుక్కలు, ఒక మూల మడత గీత చాలు.

ప్రింటు తీసి మళ్లీ ఫోటో తీయండి

స్క్రీన్ మీద ఎంత చేసినా కాగితం చేసే మాయ రాదు. చిన్న సైజులో, చుట్టూ తెల్ల అంచు వదిలి ప్రింటు తీయించి, దాన్ని కొద్దిగా వంచి, నల్ల అట్ట మీద పెట్టి, కిటికీ పక్కన వెలుగులో మళ్లీ ఫోటో తీయండి. ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే అందులోని ఖాళీ పేజీకి మూలల క్లిప్పులతో తగిలించి తీయండి. ఆ కాగితపు వంపు, ఒక పక్క పడే మెరుపు నమ్మకాన్ని రెట్టింపు చేస్తాయి.

షేర్ చేసేటప్పుడు ఇది మోడల్ ఫోటో అని స్పష్టంగా రాయండి, ప్రింటు వెనక కూడా స్కేలు, అసలు తీసిన తేదీ రాయండి. ఊళ్ల చరిత్ర సేకరించేవాళ్లు ఇలాంటి ఫోటోలని నిజమని దాచుకుంటారు, తర్వాత అది ఎక్కడెక్కడికో వెళ్తుంది. వాళ్ల కష్టాన్ని మనం పాడుచేయకూడదు.

ఇంకా బొమ్మలాగే కనిపిస్తుంటే

ఈ వరసలో చూడండి. మొదట లెన్సు ఎత్తు: కారు పైకప్పు పైభాగం ఎంత కనిపిస్తోంది? ఎక్కువ కనిపిస్తుంటే లెన్సు ఇంకా దించాలి, అంబాసిడర్ ఎత్తు సుమారు మీటరున్నర కాబట్టి నడుం ఎత్తు కెమెరాకి పైకప్పు పైభాగం కనిపించనే కూడదు. తర్వాత టైరు నేలని తాకే చోటు, అక్కడ వెలుతురు సందు ఉంటే పొడి చల్లి మూసేయండి. ఆ తర్వాత నేల రేణువులు. అప్పటికీ తేడా తెలియకపోతే ఫోటోని అరచేయంత సైజుకి తగ్గించి, చేయి చాచి దూరం నుంచి చూడండి, ఏ భాగం దగ్గర అనుమానం వస్తోందో ఆ భాగాన్ని మాత్రమే సరిచేసి మర్నాడు అదే వేళకి, అదే ఎండలో మళ్లీ తీయండి.